ఇంజనెత్తే ముక్కాలి

సఫియాకు చిన్నప్పటినుంచీ ఒక గుణం ఉంది. ఏ వస్తువును చూసినా అది ఎందుకట్లా ఉందో తెలిసేదాకా ఆమె మనసు ఒక చోట నిలవదు. తిరగలి పిడిని అంచుకే ఎందుకు పెట్టారు, నడుమ ఎందుకు పెట్టలేదు అని అడిగి అడిగి పుట్టింట్లో తల్లి చేత మొట్టికాయలు తిన్న మనిషి. పెళ్ళయి పుంగనూరికి వచ్చాక ఆ ప్రశ్నలన్నీ మొగుడి మీద పడ్డాయి.

ఆమె మొగుడు షంషుద్దీన్ మోటారు మెకానిక్కు. ఇంటి గోడను ఆనుకొనే అతని షెడ్డు. నెమ్మదైన మనిషి. తెలిసింది ఓపిగ్గా చెప్పేవాడు. తెలియనిది వస్తే "అది అట్లే" అని తల దించుకొని పని చూసుకొనేవాడు. ఆ "అది అట్లే" అనే మాటే సఫియాకు గిట్టేది కాదు.

అది పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం. పెట్రోలు చుక్క దొరకడం కష్టమైపోయి, పుంగనూరు మదనపల్లె మధ్య తిరిగే మల్లప్ప గారి బస్సు వెనక కూడా బొగ్గు గ్యాసు కుంపటి ఒకటి వచ్చి కూర్చుంది. బొగ్గుతో బస్సయితే నడిచింది గానీ, ఆ పొగతో పాటు సన్నటి బూడిద ఇంజను కడుపులోకి పోయి లోపలున్నదాన్నంతా ఆకురాయి పట్టినట్టు అరగదీసేది. ఏడాదికోసారి విప్పే ఇంజనును రెండు మూడు నెలలకే విప్పవలసి వచ్చేది. విప్పాలంటే ముందు దాన్ని బస్సులోంచి పైకెత్తి బయటికి తియ్యాలి. మూడు నాలుగు వడ్ల బస్తాల బరువుండే ఇనుప ముద్ద అది.

మొదట్లో షంషుద్దీన్ షెడ్డు కప్పులోని చింతదూలానికి మోకు కట్టి ఎత్తేవాడు. పోయిన ఎండాకాలంలో ఒకరోజు ఆ దూలం ఫెళ్ళుమని పగిలింది. ఇంజను జానెడు జారింది. ఆ జానెడులోనే షంషుద్దీన్ ఎడమ చెయ్యి ఉంది. మదనపల్లె ఆసుపత్రిలో ఉంగరపు వేలు నిలిచింది గానీ చిటికెన వేలు తీసెయ్యక తప్పలేదు. చేతికి కట్టుతో ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి సఫియా ఏడవలేదు. అన్నం కలిపి పెట్టి, షెడ్డులోకి పోయి, పగిలిన దూలం కింద నిలబడి చాలాసేపు పైకి చూసింది. దూలం లోపల పుచ్చిపోయి ఉంది. బయటినుంచి చూస్తే ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత ఇంజను తీయాలంటే సంతలో మూటలు మోసే మనుషులను ఆరుగురిని పిలిచేవాళ్ళు. ఇంజనుకు మోకు చుట్టి, లావాటి వెదురు బొంగుకు కట్టి, అటు ముగ్గురూ ఇటు ముగ్గురూ భుజాలమీద ఎత్తేవాళ్ళు. ఒకసారి ఎత్తుతుండగా మధ్యలో వాళ్ళలో ఒకడికి తుమ్ము వచ్చింది. ఆరుగురూ కలిసి ఊగిపోయారు. సఫియా కిటికీలోంచి అంతా చూసింది.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగింది. "ఇంటాండారా? ఆ ఆరుగురిలో ఒకడు వదిలేస్తే ఏమవుతాది?"

"వదలరులే."

"వదిలితే?"

షంషుద్దీన్ ముద్ద నోట్లో పెట్టుకొని నమిలాడు. "అల్లా ఉండాడు గదా" అన్నాడు చివరికి.

"అల్లా ఉండాడు. నీ చెయ్యి కూడా ఉండాల గదా" అంది సఫియా. కోపమొస్తే ఆమెకు 'మీరు' నోటికి రాదు.

ఆ రోజునుంచి ఆమెకు ఒకటే ధ్యాస. బావిలో నీళ్ళు చేదుతున్నా అదే. తాడు వదిలితే బక్కెట దబ్బున నీళ్ళలో పడుతుంది. ఏదైనా అంతే. ఎత్తేవాడు వదిలితే పడేదే లోకం. వదిలినా పడనిది ఏదైనా ఉంటుందా?

ఉంటుందని కుప్పంలో తెలిసింది.

సఫియా అక్క అజీజాబీది కుప్పం. ఆమె కూతురి పెళ్ళికని మొగుడూ పెళ్ళాలిద్దరూ పోయారు. అదే సమయానికి మద్రాసునుంచి ఇంజను రింగుల పార్సెలు ఒకటి కుప్పం స్టేషనుకు రావలసి ఉంది. పెళ్ళయిన మరుసటి పొద్దున షంషుద్దీన్ పార్సెలు తెచ్చుకోవడానికి బయలుదేరితే, రైలు చూస్తానని సఫియా కూడా కొంగు తలమీదికి లాక్కొని వెంట నడిచింది.

రైలు ఇంకా రాలేదు. పార్సెలు గుమాస్తా కాఫీకి పోయాడు. షంషుద్దీన్ బెంచీమీద కూలబడ్డాడు. సఫియా మాత్రం గూడ్సు బండ్లు నిలిచే వైపు చూస్తూ అట్లాగే ఉండిపోయింది. అక్కడ మూడు పొడుగాటి దుంగలను పైన ఒకచోట కలిపి, కింద విడదీసి నిలబెట్టారు. పైనుంచి గొలుసులు వేలాడుతున్నాయి. ఒకే ఒక మనిషి ఆ గొలుసును చరచరా లాగుతుంటే, మంచమంత రాతిబండ నేలమీదినుంచి చీమ నడిచినట్టు మెల్లగా పైకి లేస్తోంది.

ఆ మనిషి పేరు అంకయ్య అని తర్వాత తెలిసింది. బండ నడుమెత్తుకు లేచాక అతను గొలుసు వదిలేశాడు. వదిలేసి, చెవిమీది బీడీ తీసి, తీరిగ్గా ముట్టించుకున్నాడు.

బండ పడలేదు.

సఫియా కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. షంషుద్దీన్ "యాడికి? యాడికి?" అంటూ వెనకాల వచ్చాడు.

"అన్నా, వదిలేస్తివే! అదెట్ల నిలబడె?" అంది సఫియా, పరాయి మగవాడితో మాట్లాడుతున్నానన్న సంగతి మరిచిపోయి.

అంకయ్య బీడీ వెనక్కి దాచుకొని నవ్వాడు. "అది అట్లేమ్మా. దాని గుణం. ఎనిక్కి లాగితేనే దిగుతాది, ఊరికే వదిలితే దిగదు."

"అది అట్లే" అన్న మాట మళ్ళీ ఇక్కడా విని ఆమె మొగుడి వైపు తిరిగింది.

షంషుద్దీన్ తల పైకెత్తి చూశాడు. "అది చైన్ బ్లాకు. పైన రెండు చక్రాలుండాయి సూడు, ఒకటి రవ్వంత పెద్దది. అందులోనే ఉండాది కిటుకు. ఇప్పుడు యుద్ధం గదా, కొందామన్నా యాడా దొరకదు."

"మూడు కాళ్ళు యాల? నాలుగు పెట్టొచ్చు గదా?"

దీనికి అంకయ్యే జవాబు చెప్పాడు. "నాలుగు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేలమీద ఆడతాది గదమ్మా. మూడు కాళ్ళది ఆడదు. అయితే ఒకటి, కింద కాళ్ళు జారకుండా సూసుకోవాల." అతను దుంగల అడుగున చూపించాడు. మూడు కాళ్ళనూ కలుపుతూ నేలకు జానెడెత్తులో గొలుసు చుట్టి ఉంది. "ఇది లేకపోతే బరువుకు కాళ్ళు ఎడంగా పోయి, అంతా నెత్తిమీదికే."

తిరుగు ప్రయాణంలో బస్సు పలమనేరు దాటింది. సఫియా అంది. "కాళ్ళు మనం సేయించుకోలేమా?"

"కాళ్ళదేముంది, సేయిస్తాం. పైనుండే తలకాయ యాడ తెస్తాం?"

"తలకాయ సంగతి నేను సూస్తా" అంది సఫియా, ఎట్లా చూస్తుందో ఆమెకే తెలియకపోయినా.

ఆ తలకాయ పక్కింట్లోనే దొరికింది. పక్కిల్లు మునెమ్మది. నేతపని వాళ్ళు. అప్పుడప్పుడు సఫియా పొద్దుపోవడానికి వాళ్ళ మగ్గం గుంట పక్కన కూర్చొనేది. కుప్పం నుంచి వచ్చిన వారంలో ఒకరోజు అట్లాగే కూర్చొని పెళ్ళి కబుర్లు చెబుతోంది. మునెమ్మ జానెడు బట్ట నేసి, చెయ్యి చాచి ముందున్న గుండ్రటి కట్టెను తిప్పింది. నేసిన బట్ట దానికి చుట్టుకుంది. కట్టె చివర టిక్, టిక్, టిక్ మని చప్పుడు.

ఆ చప్పుడు సఫియా వెయ్యిసార్లు విన్నదే. ఈసారి మాటను సగంలో ఆపింది. "అక్కా, ఇంకోసారి తిప్పు."

మునెమ్మ తిప్పింది. టిక్.

"ఇప్పుడు వదులు."

వదిలింది. పోగులన్నీ వీణ తీగల్లా బిగుసుకొని వెనక్కి లాగుతున్నా కట్టె వెనక్కి తిరగలేదు. సఫియా వంగి చూసింది. కట్టె చివర రంపం లాంటి పళ్ళున్న చక్రం. పళ్ళన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. వాటి మీద చిన్న ఇనుప నాలుక వాలి ఉంది. చక్రం ముందుకు తిరిగితే నాలుక పన్ను మీదినుంచి జారి టిక్కుమని పక్క సందులో పడుతుంది. వెనక్కి తిరగబోతే పన్నుకు అడ్డం పడుతుంది.

"ఏందమ్మా సఫియా, అట్ల సూస్తాండావు? మగ్గం ఎప్పుడూ సూడలేదా?"

"సూసినానక్కా. ఈ పొద్దే సూసినాను" అని సఫియా లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డుకు పరుగెత్తింది.

షంషుద్దీన్ వచ్చి మగ్గం ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ నాలుకను వేలితో ఎత్తాడు, దించాడు. అతని ముఖం మెల్లగా విచ్చుకుంది. "ఇది నాకు తెలిసిందే" అన్నాడు. "బస్సులోనూ ఇట్లాంటిది ఉండాది. హ్యాండు బ్రేకు కాడ. రోజూ లాగుతాండాను. ఒక్కరోజూ తోచలేదే!"

వడ్రంగి తిమ్మప్పను పిలిపించారు. ఎద్దుల బండ్లు చేయడంలో చేయి తిరిగిన మనిషి. చేసే ప్రతి వస్తువూ కాడెద్దులు లాగేదే అన్నట్టు గట్టిగా చేస్తాడు. అతను నిమ్మనపల్లె వైపునుంచి నిటారైన టేకు దుంగలు మూడు తెచ్చాడు. సఫియా వాటిని వేలి ముడులతో చివరినుంచి చివరికి తట్టుకుంటూ పోయింది.

"ఏం తడతాండావమ్మా? కుండలా?" అన్నాడు తిమ్మప్ప నవ్వుతూ.

"మా దూలం లోపల పుచ్చిందన్నా. ఎవురికీ తెలీలేదు."

తిమ్మప్ప నవ్వు ఆపేశాడు. తనూ సుత్తి తీసుకొని ఆమె వెనకాలే తట్టాడు. ఒక దుంగ నడుమ చప్పుడు కొంచెం డొల్లగా వచ్చింది. "ఇది వద్దు, మారుస్తా" అని తనే పక్కన పెట్టాడు.

మూడు దుంగల తలలకూ బెజ్జం వేసి లావాటి ఇనుప బోల్టు దూర్చారు. దానికి పెద్ద గిలక వేలాడదీశారు. రెండు కాళ్ళ నడుమ, నడుమెత్తులో, అడ్డంగా తిరిగే దుంగను పెట్టి దానికి చేతిపిడి అమర్చారు. మోకు ఆ దుంగకు చుట్టుకుంటూ గిలక మీదుగా పోయి ఇంజనును లేపుతుంది. దుంగ చివర పళ్ళ చక్రం. మొదట తిమ్మప్ప దాన్ని కట్టెతోనే చెక్కాడు. బరువు పెట్టిన మొదటిసారే ఒక పన్ను చిట్లింది. షంషుద్దీన్ పాత లారీ గేరు చక్రం ఒకటి తీసి, పళ్ళను ఆకురాయితో ఒక వైపుకు వాలేటట్టు రుద్దుతూ కూర్చున్నాడు. నాలుగు వేళ్ళ చెయ్యి అలిసిపోతే సఫియా చక్రాన్ని కదలకుండా పట్టుకొనేది.

"నాలుక ఒకటే యాల?" అందామె ఒకసారి. "దుమ్ము పడి లేచి ఉంటే?"

షంషుద్దీన్ ఈసారి "అది అట్లే" అనలేదు. కమ్మరి చేత రెండో నాలుక చేయించుకొచ్చాడు.

ఎక్కించడం సరే, దించడం ఎట్లా అన్నది ఇంకో చిక్కు. నాలుకలు ఎత్తేస్తే బరువంతా పిడి మీదికి వచ్చి, పిడి గిర్రున తిరిగి మనిషి దవడ పగలగొడుతుంది. దీనికి తిమ్మప్ప దగ్గర ఉపాయం ఉంది.

"సదుం సంతలో కోడెను కట్టేసేది సూసినావా సాయిబూ? పొగరుబోతు కోడెను మనిషి లాగి పట్టలేడు. పలుపును గుంజకు మూడు చుట్లు చుట్టినాడంటే, ఒంటిచేత్తో పట్టుకొని నిలబడతాడు. కోడె ఎంత లాగినా రాదు. రవ్వంత సడలిస్తే రవ్వంత పోతాది."

అతను చెప్పినట్టే తిరిగే దుంగకు ఇంకో తాడు మూడు చుట్లు వేసి, ఒక కొసను ముక్కాలి కాలికి కట్టి, రెండో కొసను చేతికి వదిలారు. బిగిస్తే దుంగ ఆగుతుంది, సడలిస్తే మెల్లగా తిరుగుతుంది. సఫియా ఆ తాడును బిగించి సడలించి, మళ్ళీ బిగించి, మూడు చుట్లను రెండు చేసి, నాలుగు చేసి చూస్తూ ఒక సాయంత్రమంతా గడిపింది. పొయ్యిమీద పప్పు అడుగంటింది.

ఇంజనును వెంటనే కట్టడానికి సఫియా ఒప్పుకోలేదు. "ముందు రాళ్ళు కడదాం. ఇంజనుకంటే బరువైనవి" అంది. నాపరాళ్ళు పేర్చి, గొలుసులతో కట్టారు. అంతలో ఆమె మునెమ్మ ఇంటికి పోయి గుప్పెడు ముగ్గుపిండి అడిగి తెచ్చి, రాళ్ళ చుట్టూ నేలమీద వెడల్పాటి గీత గీసింది.

"ఇదేంది, మన షెడ్డులో ముగ్గు?" అన్నాడు షంషుద్దీన్.

"బరువు పైనున్నంతసేపు ఈ గీత లోపల ఎవురూ కాలు పెట్టకూడదు. మీరు కూడా."

చూడడానికి నలుగురూ చేరారు. తిమ్మప్ప పిడి తిప్పాడు. టిక్, టిక్, టిక్. రాళ్ళు నేల వదిలాయి. మోకాలెత్తు. ఇంకా పైకి. "వదులన్నా" అంది సఫియా. తిమ్మప్ప వదిలి రెండు చేతులూ పైకెత్తాడు. రాళ్ళు నిలిచాయి.

మునెమ్మ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆగకముందే ముక్కాలి ఒక పక్కకు ఒరిగింది. రాళ్ళ మూట ఊగి, గొలుసు లోంచి ఒక రాయి జారి దబ్బున పడింది. ముగ్గు గీతకు లోపలే పడింది. ఎవ్వరికీ దెబ్బ తగల్లేదు. షంషుద్దీన్ మొదట తన పాదాల వైపు, తర్వాత గీత వైపు చూశాడు. గీతకు బెత్తెడు బయట ఉన్నాడు.

తాడు సడలించి రాళ్ళు దించాక చూస్తే, ఒక కాలు నేలలోకి దిగబడి ఉంది. బస్సు ఇంజను నీళ్ళు ఎప్పుడూ వంచేది ఆ మూలనే. పైకి గట్టిగా కనబడుతున్నా, లోపల మన్ను మెత్తగా నానిపోయి ఉంది.

"పోనీలే, పాత పద్ధతిలోనే ఆరుగుర్ని పిలుద్దాం" అన్నాడు షంషుద్దీన్.

సఫియాకు మాత్రం భయం కంటే ఇంకేదో ఎక్కువగా ఉంది. ఆ గుంతలోకి చెయ్యి పెట్టి మట్టి తీసి వేళ్ళ మధ్య నలుపుతోంది. "ఇప్పుడు తెలిసిపోయె గదా" అంది. "రాళ్ళతో తెలిసె, ఇంజనుతో కాదు. మూడు కాళ్ళ కింద మూడు బండలు ఏద్దాం."

ఆ మట్టి తవ్వి మొరం పోసి దిమ్మిస కొట్టి, మూడు వెడల్పాటి బండలు పరిచారు. కాళ్ళకు గొలుసు చుడితే బస్సు లోపలికి దూరదు కాబట్టి, అవి జారకుండా బండల నడుమ గుంటలు తొలిపించారు. మళ్ళీ రాళ్ళు ఎత్తారు. ఈసారి వాటిని పగలంతా అట్లాగే వేలాడనిచ్చారు. సఫియా ఎసరు పెట్టి వచ్చి చూసింది, బట్టలారేసి వచ్చి చూసింది. రాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇంజను తీసే రోజున మల్లప్ప గారు మదనపల్లెనుంచి స్వయంగా వచ్చారు. ఆరుగురు మోసేవాళ్ళు లేకపోవడం చూసి ఆయన కంగారుపడ్డారు. "ఏం సాయిబూ, మనుషులు యాడ?"

"మేమిద్దరం సాలు" అన్నాడు షంషుద్దీన్.

ఆయన ముగ్గు గీత దాటబోతే సఫియా కొంగు సవరించుకొని గట్టిగా అంది. "అప్పా, ఆడనే నిలబడండి." మల్లప్ప గారు ఒక కాలు వెనక్కి తీసుకున్నారు.

బస్సు ముందు భాగం అప్పటికే ముక్కాలి కింద ఉంది. షంషుద్దీన్ బోల్టులన్నీ విప్పి, ఇంజనుకు రెండు చోట్ల గొలుసు తగిలించి, మోకును మొదలంటా వేళ్ళతో తడిమి, గీత బయటికి వచ్చాడు. సఫియా పిడి పట్టుకుంది. ఆమె అంత బరువును ఎప్పుడూ ముట్టుకోలేదు. ముట్టుకున్నా బరువు తెలియడం లేదు. పెద్ద తిరగలి తిప్పినట్టుంది, అంతే. ఒక్కొక్క టిక్కుకూ ఇంజను కొంచెం కొంచెంగా బస్సు ఒడిలోంచి లేచింది. నల్లగా, జిడ్డుగా, గాలిలో కొద్దిగా తిరుగుతూ. షంషుద్దీన్, మల్లప్ప గారూ గీత బయటినుంచే పక్కలు పట్టి బస్సును వెనక్కి తోశారు. ఖాళీ అయిన చోట తిమ్మప్ప చేసిన కట్టెపీటను పొడుగాటి కర్రతో కిందికి నెట్టారు. షంషుద్దీన్ నాలుకలు ఎత్తాడు. సఫియా తాడు సడలించింది. ఇంజను దిగి పీటమీద కూర్చుంది. చప్పుడు కూడా కాలేదు.

షంషుద్దీన్ పెళ్ళాం వైపు చూశాడు. బొటనవేలితో ముఖం మీది చెమట తుడుచుకొని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో సఫియాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆ మధ్యాహ్నమే ఇంజను అడుగుతట్ట విప్పాడు. లోపల వంకరటింకర ఇనుప కడ్డీ ఒకటి అడ్డంగా పడుకొని ఉంది. "ఇది తిప్పు" అన్నాడు. సఫియా రెండు చేతులతో తిప్పితే, ఒక పిస్టను పైకి పోయింది, ఇంకొకటి కిందికి వచ్చింది. ఇంకొంచెం తిప్పితే కిందిది పైకి, పైది కిందికి. ఆమె చిన్నపిల్లలా నవ్వి మళ్ళీ మళ్ళీ తిప్పింది. కిటికీలోంచి ఇన్నేళ్ళు విన్న చప్పుడు ఇదన్నమాట. మోచేతులదాకా నల్లనూనె అయింది. కుప్పంనుంచి తెచ్చిన కొత్త రింగులు ఎక్కడ పడతాయో కూడా తనే వేలు పెట్టి చూపించింది.

పది రోజులకు బస్సు మళ్ళీ దారిలో పడింది. మొదటి ట్రిప్పుకు సఫియా కూడా ఎక్కింది, డ్రైవరు వెనక ఆడవాళ్ళ సీటులో. పక్కన ఒక ముసలమ్మ, ఒళ్ళో చింతపండు బుట్ట. షంషుద్దీన్ ముందు కూర్చొని ఇంజను చప్పుడుకు చెవి ఒగ్గాడు.

మదనపల్లెకు ఇవతల ఒక పెద్ద ఏటవాలు ఉంది. బొగ్గు గ్యాసు బస్సుకు అక్కడ ఊపిరి చాలేది కాదు. జనం దిగి, మగవాళ్ళు తోస్తూ, ఆడవాళ్ళు వెనక నడుస్తూ ఎక్కించేవాళ్ళు. ఆ ఏటవాలు కనబడగానే ముసలమ్మ అలవాటుగా బుట్ట చంకనెత్తుకొని లేచి నిలబడింది.

"కూసోవ్వా, యాడికి?" అంది సఫియా.

"దిగల్ల గదమ్మా."

బస్సు మూలిగింది. సఫియా సీటు అంచును పట్టుకొని వింటోంది. పైకి పోయేది, కిందికి వచ్చేది ఇప్పుడు ఆమెకు కళ్ళకు కట్టినట్టుంది. బస్సు నెమ్మదించింది గానీ ఆగలేదు. ఏటవాలు నడుమకు వచ్చింది. గట్టు తల కనబడింది. ముసలమ్మ బుట్టతో అట్లాగే నిలబడి, కిటికీలోంచి వెనక్కి జరిగిపోతున్న రాళ్ళను వింతగా చూస్తూ, చివరికి మెల్లగా కూర్చుంది.